వేగం నిల్వ ఉండే చోటు

బెంగళూరు పీణ్యలో మెట్రో దిగి రోడ్డు మీదికి వస్తే ముందుగా చెవిన పడేది ఇనుము కోస్తున్న చప్పుడు. వరసగా చిన్న చిన్న వర్క్‌షాపులు, లేత్ యంత్రాలు, పెయింటు వాసన, టెంపోల్లోకి ఎక్కిస్తున్న గేర్లూ షాఫ్టులూ. ఈ పారిశ్రామికవాడలోనే నాలుగు ఆస్బెస్టాస్ రేకుల షెడ్లలో, 1972లో, మన దేశపు మొదటి ఉపగ్రహం పని మొదలైంది. దానికి పెద్ద దిక్కు యు.ఆర్. రావు. ఆయనకు అప్పటికి నలభై ఏళ్ళు. ఆయన చుట్టూ చేరినవాళ్ళు చాలామంది అంతకంటే బాగా చిన్నవాళ్ళు. ఉపగ్రహం కట్టిన అనుభవం వాళ్ళలో ఎవరికీ లేదు. రేకుల కింద దుమ్ము చొరబడని గదులు కట్టుకుని పనిలో దిగారు.

1972 మేలో సోవియట్ సైన్స్ అకాడెమీతో ఒప్పందం కుదిరింది. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట అక్కడి కపుస్తిన్ యార్ నుంచి కక్ష్యలోకి వెళ్ళింది. పీణ్యలో పని మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే రెండున్నరేళ్ళు. ఆ మూడువందల అరవై కిలోల ఉపగ్రహం బొమ్మను చాలా ఏళ్ళు రెండు రూపాయల నోటు వెనక చూశాం.

ఏమీ తెలియని స్థితి నుంచి రెండున్నరేళ్ళలో ఉపగ్రహం! ఇంత త్వరగా ఎలా అయిందని చూస్తే, పైకి ఆలస్యంలా కనిపించే పనులే ఎక్కువ కనిపిస్తాయి. వాళ్ళు ఆర్యభటను ఒకసారి కట్టి ఊరుకోలేదు. ఒక నమూనా కట్టి కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూశారు. ఇంకొకటి కట్టి వేడికీ చలికీ ఎలా ఉంటుందో చూశారు. లోపలి పరికరాలన్నీ కలిసి పనిచేస్తాయో లేదో చూడటానికి మరొకటి. అవన్నీ అయ్యాకే ఎగరబోయేదాన్ని కట్టారు. గడువు ముంచుకొస్తోందని ఈ నమూనాల్లో ఒకటి తీసేసి ఉంటే కొన్ని నెలలు మిగిలేవనిపిస్తుంది. కానీ మొదటిసారి చేసేవాళ్ళకు తప్పులు తప్పవు. ఆ తప్పులు షెడ్డులో బయటపడాలా, ఆకాశంలో బయటపడాలా అన్నది ఒక్కటే వాళ్ళ చేతిలో ఉంది.

అంత చేసినా ఒక తప్పు ఆకాశం దాకా వెళ్ళింది. కక్ష్యలో చేరిన కొద్ది రోజులకే ప్రయోగ పరికరాలకు కరెంటు అందించే ఏర్పాటులో లోపం వచ్చి, ఆ ప్రయోగాలు ఆపేయాల్సి వచ్చింది. ఉపగ్రహంతో సంబంధం మాత్రం తెగలేదు. దాన్ని ఎలా నడపాలో, ఎలా వినాలో ఆ కుర్రవాళ్ళు నేర్చుకున్నారు. 1979లో భాస్కర వెళ్ళింది. ఆ తరువాత మరెన్నో. ఆ షెడ్ల నుంచి ఎదిగిన ఉపగ్రహ కేంద్రం ఇప్పుడు విమానపురలో ఉంది. 2018 నుంచి దాని పేరు యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం.

ఈ కథ నాకు తరచూ గుర్తొచ్చేది నగరానికి అవతలి అంచున, నేను ఉద్యోగం చేసేచోట. మారతహళ్ళి నుంచి బెల్లందూరు దాకా, అటు వైట్‌ఫీల్డు దాకా, ఆఫీసు క్యాంటీన్లలో తెలుగు వినపడని బల్ల ఉండదు. అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు పిల్లలు ఏ అంతస్తులో చూసినా ఉంటారు. ఆ అంతస్తులన్నిటిలో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఎప్పటికి అవుతుంది?" అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళనూ పైన ఎవరో అడుగుతుంటారు. నన్ను బాధపెట్టేది ఆ ప్రశ్న తరువాత జరిగేది.

గడువు దగ్గరపడేకొద్దీ కోత మొదలవుతుంది. కోత ఎప్పుడూ వరసలో చివరగా ఉన్నదానికే పడుతుంది. చివర ఉండేవి పరీక్షలు, ఇంకొకరు చూసి చెప్పే సమీక్ష, ఎందుకిలా చేశామో రాసిపెట్టే నాలుగు వాక్యాలు. అవి అనవసరమని ఎవరూ అనుకోరు. అయినా వాటి వంతు వచ్చేసరికి సమయం మిగలదు. "ముందు బయటికి పంపేద్దాం, తరువాత సరిచేద్దాం" అనే మాట వినిపిస్తుంది. ఆ 'తరువాత' అనేది రాత్రి పదకొండు గంటలకు ఫోను రూపంలో వస్తుంది. అప్పుడు సరిచేయడానికి పట్టే కాలం, మొదట మిగుల్చుకున్న కాలం కంటే ఎప్పుడూ ఎక్కువే. అది కొత్త పని ఖాతాలో పడుతుంది కాబట్టి, పాత పని త్వరగా అయిందనే లెక్క కాగితం మీద అలాగే ఉండిపోతుంది.

నాణ్యతను తగ్గిస్తే వేగం పెరుగుతుందన్న నమ్మకం ఇలాంటి లెక్కల మీదే నిలబడి ఉంది. నాకు తోచింది దీనికి పూర్తిగా ఎదురు. ఇవాళ ఏ బృందమైనా వేగంగా పనిచేస్తోందంటే, నిన్న ఎవరో ఏదో పని సరిగ్గా చేసిపెట్టారన్నమాట. బాగా చేసిన పనిలో వేగం నిల్వ ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు దాన్ని తీసి వాడుకోవచ్చు. అరకొరగా చేసిన పని ఆ నిల్వను తినేస్తుంది.

ఈ మాటకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం కూడా ఈ ఊళ్ళోదే. మన అంగారక నౌక మంగళ్‌యాన్‌కు 2012 ఆగస్టులో అనుమతి వచ్చింది. 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుంచి ఎగిరింది. అంటే పదిహేను నెలలు. ఖర్చు సుమారు 450 కోట్లు. భూమి నుంచి అంగారకుడి దగ్గరికి తక్కువ ఇంధనంతో వెళ్ళే అదను ఇరవై ఆరు నెలలకు ఒకసారే వస్తుంది. 2013 దాటితే మళ్ళీ 2016. ఆఫీసుల్లో గడువును ఒక వారం జరుపుకోవచ్చు. గ్రహాలు జరగవు.

ఆ పదిహేను నెలల్లో దాన్ని తయారుచేసినవాళ్ళు ఏం చేశారన్నది ఎంత ముఖ్యమో, ఏం చేయలేదన్నది అంత ముఖ్యం. కొత్త రాకెట్టు కోసం ఆగలేదు. పెద్ద రాకెట్టు జీఎస్‌ఎల్‌వీ 2010లో రెండుసార్లు విఫలమై ఉంది. అందుకని బాగా నలిగిన పీఎస్‌ఎల్‌వీని తీసుకున్నారు. దానికి అంగారకుడి దాకా నేరుగా విసిరే శక్తి లేదు. సరే, భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్యను విడతలు విడతలుగా పెంచుకుంటూ పోదామని దారి మార్చారు. నౌక చట్రాన్నీ కొత్తగా కనిపెట్టలేదు. 2008లో వెళ్ళిన చంద్రయాన్‌-1 చట్రాన్నే మార్చి వాడుకున్నారు. చంద్రయాన్ కోసం బెంగళూరు పొలిమేరలో బ్యాలాళు గ్రామం దగ్గర కట్టిన ముప్పై రెండు మీటర్ల యాంటెన్నా అప్పటికే సిద్ధంగా ఉంది. పరికరాలు అయిదింటితో సరిపెట్టారు. అన్నీ కలిపి పదిహేను కిలోలే.

ఇక్కడే జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఒకటుంది. పాతది వాడుకోవడం అంటే కళ్ళు మూసుకుని వాడుకోవడం కాదు. నౌకలోని పెద్ద ఇంజను ఉపగ్రహాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిందే. కానీ ఆ ఉపగ్రహాల్లో దాని పని మొదటి కొన్ని రోజులకే అయిపోతుంది. మంగళ్‌యాన్‌లో అలా కాదు. 2013 డిసెంబరు 1న భూమిని వదిలే మంట మండించాక, అది దాదాపు మూడువందల రోజులు నిద్రపోవాలి. తరువాత ఒక్కసారిగా లేచి ఇరవై నాలుగు నిమిషాలు తప్పకుండా మండాలి. అన్నాళ్ళు ఇంధనం తగిలి ఉన్న కవాటాలు మొరాయిస్తే? అందుకని ఆ ఒక్కచోట రెండో గొట్టం దారి, అదనపు కవాటాలు కొత్తగా పెట్టారు. మిగతాచోట్ల పాతదాన్ని నమ్మారు, ఎక్కడ నమ్మకూడదో అక్కడ కష్టపడ్డారు. ఈ రెంటినీ విడదీసి చూడటంలోనే వాళ్ళ నేర్పంతా ఉంది. మన ఆఫీసుల్లో తరచూ దీనికి ఎదురు జరుగుతుంది. పనిచేస్తున్నదాన్ని కొత్త మోజుతో తిరగరాస్తాం. తిరగరాయవలసినదాన్ని సమయం లేదని అలాగే వదిలేస్తాం.

నవంబరు 11న జరిగినదాన్ని ప్రతి బృందమూ తెలుసుకోవాలి. అప్పటికి నౌక ఇంకా భూమి చుట్టూనే తిరుగుతోంది. ఆ రోజు కక్ష్యను లక్ష కిలోమీటర్ల ఎత్తుకు పెంచాలి. తీరా చేరింది 78,276 కిలోమీటర్లకే. కారణం, వాళ్ళు ఊరికే కక్ష్య పెంచి ఊరుకోకుండా, ఒకటి చెడితే ఒకటి ఆదుకోవడానికి పెట్టిన జంట ఏర్పాట్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ వచ్చారు. ఆ రోజు ఇంజనుకు ఇంధనం వదిలే కవాటపు రెండు తీగచుట్టలకూ ఒకేసారి కరెంటు ఇస్తే, ఇంధనం ఆగిపోయింది. ఆ రెంటినీ కలిపి వాడకూడదని అప్పుడే తేలిపోయింది. మర్నాడు తెల్లవారకముందే మళ్ళీ ఇంజను మండించి 1,18,642 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చారు.

ఇదే సంగతి అంగారకుడి దగ్గర తెలిసి ఉంటే? ఇరవై రెండు కోట్ల కిలోమీటర్ల అవతల రెండో ప్రయత్నానికి తావు లేదు. తప్పు భూమి దగ్గర దొరికింది కాబట్టి ఒక్క రాత్రిలో సర్దుకుంది. ఏ పనిలోనైనా ఇంతే. రాసినవాడి బల్ల మీదే దొరికిన తప్పుకు పది నిమిషాలు పడుతుంది. అదే తప్పు వాడుకునేవాళ్ళ దాకా వెళ్ళాక దొరికితే పది మంది కూర్చుని రెండు రోజులు వెతుక్కోవాలి. పరీక్షలకు ఖర్చయ్యే కాలాన్ని ఈ తేడాతో పోల్చి చూసుకోవాలి.

ఎగిరే ముందు కూడా వాళ్ళొకసారి ఆగారు. మొదట అనుకున్న తేదీ అక్టోబరు 28. రాకెట్టు చివరి దశ మండేటప్పుడు దక్షిణ పసిఫిక్ మీద కనిపెట్టి చూడటానికి రెండు ఓడలు బయలుదేరాయి, ఎస్‌సీఐ నలంద, ఎస్‌సీఐ యమున. సముద్రం అల్లకల్లోలంగా ఉండి, ఓడలు తమ చోటికి చేరడం ఆలస్యమైంది. ఉన్న అదను నవంబరు 19 దాకానే. అయినా వారం రోజులు ఆగారు. కళ్ళు లేకుండా ఎగరేయకూడదనుకున్నారు. ఆ వారం వాళ్ళకు ఎంత బరువుగా గడిచి ఉంటుందో గడువుల మధ్య బతికేవాళ్ళకు తెలుస్తుంది. ఆగగలిగే స్థితిలో ఉండటానికి కూడా, ముందు నెలల్లో పని సక్రమంగా జరిగి ఉండాలి.

మంగళ్‌యాన్‌లో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఇంకొకటి. 2014 సెప్టెంబరు 24 ఉదయం నౌక అంగారకుడి కక్ష్యలో ప్రవేశించినప్పుడు, అక్కడి నుంచి కబురు ఇక్కడికి చేరడానికి పన్నెండు నిమిషాలకు పైగా పట్టింది. ఒక ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవాలంటే ఇరవై అయిదు నిమిషాలు. ఇంజను మండాల్సింది ఇరవై నాలుగు నిమిషాలు. జవాబు వచ్చేలోపల పనే అయిపోతుంది. కాబట్టి ఏ పరిస్థితిలో ఏం చేయాలో ముందే ఆలోచించి, ఆ నిర్ణయాధికారాన్ని నౌకకే అప్పగించారు. రెండు రోజుల ముందు నాలుగు సెకన్ల పాటు ఇంజనును మండించి చూసి, ధైర్యం చేసుకున్నారు. ఆ ఉదయం ఆ కబురు కోసం కాచుకుని కూర్చున్న గది పీణ్యలోనే ఉంది. నాలుగు దశాబ్దాల కిందట రేకుల షెడ్లు ఉన్న పేటలోనే.

మన బృందాల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య దూరం ఎంత? పక్క అంతస్తులో ఉన్న మనిషి దగ్గర్నుంచి జవాబు రావడానికి చాలాచోట్ల రెండు రోజులు పడుతుంది. పని ఆలస్యమయ్యేది చేతిలో ఉన్నప్పుడు చాలా తక్కువ. చేతులు మారేటప్పుడే ఎక్కువ.

ఒకసారి మా బృందంలో పూర్తయిన పని ఒకదాన్ని తీసుకుని, మొదలైన రోజు నుంచి ముగిసిన రోజు దాకా ఏ రోజు ఎవరి దగ్గర ఉందో బోర్డు మీద రాసి చూశాం. చేసినది కదిరి నుంచి వచ్చిన కుర్రాడు. నెమ్మదస్తుడు, పని బాగా వచ్చు. పని ఆలస్యమైందని అతని పేరు అప్పటికే పైన వినపడింది. బోర్డు నిండేకొద్దీ అతని ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "చూడన్నా, నా చేతిలో ఉండింది రెండు దినాలు కూడా లేదు. సోమవారమే ఇచ్చేసినా. వాళ్ళు చూడాల కదా" అన్నాడు. నిజమే. రెండు రోజుల లోపు పని దాదాపు మూడు వారాల ప్రయాణం చేసింది. ఒకచోట అనుమతి కోసం, ఒకచోట సమీక్ష కోసం, ఒకచోట పరీక్షించే యంత్రం ఖాళీ కావడం కోసం ఆగింది. ఆ ఆగిన రోజుల్లో అతను ఖాళీగా కూర్చోలేదు. ఇంకో మూడు పనులు మొదలుపెట్టాడు. అవీ అలాగే ఆగాయి. అతన్ని ఇంకా వేగంగా రాయమంటే ఏం మిగులుతుంది? ఉన్న రెండు రోజుల్లో ఒక పూట.

1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక చిన్న సూత్రాన్ని గణితంతో నిరూపించాడు. దాన్ని మన ఆఫీసు మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఒక బృందం వారానికి సగటున నాలుగు పనులు పూర్తి చేస్తుందనుకుందాం. ఒకేసారి పన్నెండు పనులు తెరిచి పెట్టుకుంటే ఒక్కో పనికి సగటున మూడు వారాలు పడుతుంది. నాలుగే తెరిచి పెట్టుకుంటే వారం. మనుషులు వాళ్ళే, కష్టం అంతే. తెరిచిన పనులను తగ్గించుకోవడానికి ఖర్చేమీ లేదు, ధైర్యం మాత్రం కావాలి. ఎందుకంటే అన్ని పనులూ మొదలైపోయాయి అని చెప్పడం అందరికీ ఇష్టం. 'తొంభై శాతం అయిపోయింది' అనే మాట వారాల తరబడి బతికేది అందుకే.

ఆ బోర్డు తరువాత మేం పెట్టుకున్న నియమం చిన్నది. కొత్త పని ఎత్తుకునే ముందు, పక్కవాళ్ళ పని ఏదైనా మన కోసం ఆగి ఉందేమో చూడాలి. ఉంటే ముందు అది. ఇంకొకటి కూడా చేర్చుకున్నాం. ఫలానా హద్దులోపల ఉన్న విషయాల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిర్ణయించుకుని ఎందుకో రెండు వాక్యాలు రాసిపెడితే చాలు. సమీక్ష తగ్గలేదు. నిజానికి పని వేడిగా ఉండగానే చూస్తున్నాం కాబట్టి ఇంకా బాగా చూస్తున్నాం. మూడు వారాల కిందట రాసినదాన్ని గుర్తు తెచ్చుకుంటూ జవాబు చెప్పడానికీ, నిన్న రాసినదాని గురించి చెప్పడానికీ చాలా తేడా ఉంది.

ఆలస్యమైన పనికి ఈ నగరం ఎక్కువగా వాడే మందు ఇంకొకటుంది: "ఇంకో నలుగుర్ని ఇస్తా, తీసుకో." ఐబీఎం సిస్టమ్‌-360 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, తన అనుభవమంతా 1975లో పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది అందులోని సారం. కొత్తవాళ్ళకు నేర్పేది పాతవాళ్ళే కదా, వాళ్ళ పని ఆగుతుంది. మాట్లాడుకోవలసిన జంటలూ పెరుగుతాయి. నలుగురి మధ్య ఆరు జంటలు. పదిమంది మధ్య నలభై అయిదు. ఈ పుస్తకం ఇక్కడ చాలామంది చదివారు. గడువు మీదపడ్డప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మనుషుల్ని చేర్చాలనుకుంటే మొదట్లోనే చేర్చాలి, నేర్పడానికి తీరిక ఉన్నప్పుడు.

మైసూరు రోడ్డు మీద నగరం దాటి వెళితే బిడది వస్తుంది. మంగళ్‌యాన్ మాటలు విన్న యాంటెన్నా ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. 1997లో ఏర్పడిన టొయోటా కిర్లోస్కర్ వాళ్ళ కార్ల కర్మాగారం బిడదిలో ఉంది. టొయోటా పద్ధతిలో పేరున్నది ఒక తాడు. వరసలో కదిలిపోతున్న బండికి ఏదో తేడా ఉందని అక్కడ పనిచేసే మనిషికి అనిపిస్తే తాడు లాగుతాడు. వెంటనే పైమనిషి పక్కకు వస్తాడు. అప్పటికప్పుడు సర్దుబాటు కాకపోతే వరస మొత్తం ఆగిపోతుంది. నిమిషానికి ఇంతని లెక్కగట్టే చోట వరసను ఆపే హక్కు మామూలు కార్మికుడి చేతికి ఇవ్వడం వింతగా అనిపిస్తుంది. కానీ ఆ పద్ధతికి మూలం నేతలో ఉంది. టొయోటా సంస్థలకు ఆద్యుడు సాకిచి టొయోడా తయారుచేసిన మరమగ్గం పడుగులో ఒక్క పోగు తెగినా తనంతట తానే ఆగిపోయేది. 1924 నాటి ఆయన మగ్గానికి అదే గొప్ప పేరు తెచ్చింది.

ధర్మవరంలో పట్టుమగ్గం ముందు కాసేపు కూర్చున్నవాళ్ళకు ఇందులో వింత ఉండదు. నాడె ఇటూ అటూ పోతూ ఉంటుంది, కాలు తొక్కుతూ ఉంటుంది, చెయ్యి దానంతట అది ఆడుతున్నట్టే ఉంటుంది. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. చూసేవాళ్ళకు ఏమైందో తెలియదు. నేసే ఆమె వంగి, వేల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని వేలికొసలతో వెతికి పట్టుకుని, నలిపి అతికి, మళ్ళీ నాడె అందుకుంటుంది. ఆ కాస్త సేపూ ఆగకపోతే తెగిన పోగు గీత చీర పొడుగునా పోతుంది. బారెడు నేశాక వెనక్కి వెళ్ళడం కుదరదు. ఆమెను ఎవరూ నిదానస్తురాలు అనరు.

తాడు ఉండటం ఒక ఎత్తు, లాగే ధైర్యం ఉండటం ఇంకో ఎత్తు. ఎక్కడో తేడా ఉందని మొదట తెలిసేది ఎక్కువగా బృందంలో అందరికంటే చిన్నవాళ్ళకే. వాళ్ళు చెప్పరు. చెబితే ఆలస్యానికి కారణం తామే అవుతామని భయం. పనికిరాని ప్రశ్న అడిగిందనుకుంటారేమోనని ఊరుకున్న అమ్మాయికి, తరువాత అది నిజమైన తప్పని తేలినప్పుడు కలిగే బాధ నేను దగ్గరగా చూశాను. అడిగినందుకు ఎవరినీ చిన్నబుచ్చని బృందం మిగతా ఏ పద్ధతీ తెలియకపోయినా సగం పని గెలిచినట్టే. ఆ భరోసా పైనున్నవాళ్ళు మాటలతో ఇచ్చేది కాదు. మొదటిసారి ఎవరో తాడు లాగి, తీరా చూస్తే తప్పేమీ లేదని తేలినప్పుడు, వాళ్ళతో ఎలా మాట్లాడారన్నదాన్ని బట్టి మిగతావాళ్ళు నిర్ణయించుకుంటారు.

మంగళ్‌యాన్ కథ చెప్పినప్పుడు చాలామంది వెంటనే ఎత్తే మాట పనిగంటలు. నిజమే, వాళ్ళు పగలూ రాత్రీ పనిచేశారు. కార్యకలాపాల డిప్యూటీ డైరెక్టర్లలో ఒకరైన నందినీ హరినాథ్, ఆ రోజుల్లోనే తన కూతురి ముఖ్యమైన పరీక్షలు వచ్చాయనీ, అర్ధరాత్రి ఇంటికి వెళ్ళి మళ్ళీ నాలుగింటికి కూతురితోపాటు లేచేదాన్ననీ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ తల్లికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఆ కథలో అనుకరించడానికి తేలికైన భాగం అదొక్కటే కావడం చూస్తే నాకు భయమేస్తుంది. నమ్మదగిన చట్రం, సిద్ధంగా ఉన్న యాంటెన్నా, అయిదింటికే పరిమితమైన పరికరాలు, ముందే ఆలోచించిపెట్టిన నిర్ణయాలు ఇవేవీ లేకుండా రాత్రిళ్ళు మాత్రం తీసుకుంటే, మిగిలేది అలసట. అలసిన కళ్ళకు తెగిన పోగు కనపడదు.

శుక్రవారం సాయంత్రం ఈ నగరంలో మడివాళ, మారతహళ్ళి, మెజెస్టిక్ దగ్గర నిలబడి చూడండి. కదిరికి, హిందూపురానికి, మదనపల్లెకు, తిరుపతికి బస్సులు. భుజాన బ్యాగులతో, చేతిలో ఇంటికి కొన్న మిఠాయి పొట్లాలతో పిల్లలు. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒకచోట పెద్ద మార్పులన్నీ శుక్రవారం సాయంత్రమే బయటికి పంపేవాళ్ళు, వారం లెక్క నిండుగా కనపడాలని. పరీక్షకు మిగిలింది గంట. రాత్రి బస్సు కదిలాక ఫోన్లు మొదలయ్యేవి. కొందరు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, సిగ్నల్ అందని చోట్ల ఆకాశంలోకి చూస్తూ ఊరు చేరేవాళ్ళు. కొందరు దారిలో దిగి వెనక్కి వచ్చేవాళ్ళు. ఇంటి దగ్గర అన్నం వండి ఎదురుచూసే అమ్మకు ఈ ఆలస్యం ఏ నాణ్యత లోపం వల్ల వచ్చిందో ఎవరు చెప్పాలి? అరకొర పనికి వెల కట్టేటప్పుడు ఈ ఖర్చును ఎవరూ రాయరు. రాయాలి. నాణ్యత గురించి నాకున్న పట్టుదలలో సగం ఈ బస్సుల వల్లే.

ఆర్నెల్లు పనిచేస్తే చాలనుకుని పంపిన మంగళ్‌యాన్ 2022 దాకా పలికింది. పదిహేను నెలల్లో చేసిన పని దాదాపు ఎనిమిదేళ్ళు నిలిచింది. ఆ పదిహేను నెలల వెనక చంద్రయాన్ ఉంది, దాని వెనక భాస్కర ఉంది, అన్నిటికీ వెనక రేకుల కింద ఓపిగ్గా కట్టి చూసుకున్న నమూనాలు ఉన్నాయి. 2012లో అవసరం పడ్డ వేగాన్ని అక్కడి మనుషులు 1972 నుంచీ కూడబెడుతూ వచ్చారు. పీణ్యలో ఆ మొదటి నమూనాలు కట్టినవాళ్ళకు, తమ జాగ్రత్త ఎవరికి అక్కరకు వస్తుందో తెలియదు.

మనకూ తెలియదు. ఇవాళ మనం పేరు సరిగ్గా పెట్టిన ఒక ఫైలు, ఒక మూల మిగలకుండా పరీక్షించిన ఒక భాగం, ఎందుకిలా చేశామో రాసిన నాలుగు వాక్యాలు, రెండేళ్ళ తరువాత మనం చూడని ఎవరో కుర్రాడికి ఒక రాత్రిని మిగులుస్తాయి. అందుకే బృందాలను నడిపేవాళ్ళందరికీ ఒక మనవి. సోమవారం సమావేశంలో "ఎప్పటికి అవుతుంది?" అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు "ఎవరి కోసం ఆగి ఉంది?" అనీ, "ఏది వదిలేద్దాం?" అనీ అడగండి. ఈ రెంటికీ వచ్చే జవాబుల్లోనే కాలం దొరుకుతుంది. పరీక్షల్లోంచీ, నిద్రలోంచీ కోసి తెచ్చుకోవలసిన పని ఉండదు.